పొగడగుట్ట మొదటి దోసిలి

పూర్వం చిలుకేటి గట్టున, పొగడచెట్లతో నిండిన గుట్ట పాదాన, కలువలపాడు అనే గ్రామం ఉండేది. గుట్టపై వెలసిన అమ్మవారిని పొగడమ్మ అని కొలిచేవారు. చైత్రమాసం వచ్చి పొగడలు పూయగానే ఆ ఊరి కన్యలు వేకువనే గుట్ట ఎక్కి, రాలిన పూలను ఒడిలో ఏరుకొని, కొన్నింటిని అమ్మవారి పాదాల చెంత ఉంచి, తక్కినవి గడపగడపకూ దోసిలి చొప్పున పంచిపెట్టేవారు. పొగడపువ్వు ఎండినా వాసన వీడదు గనుక ఇల్లాండ్రు వాటిని బట్టలపెట్టెల్లో దాచుకొని ఏడాదంతా ఆ పరిమళాన్ని అనుభవించేవారు.

మృతి సంభవించిన ఇంటికి ఏడాదిపాటు పూలు ఇవ్వకపోవడం అక్కడి ఆచారం. నేతపనితో జీవించే బయ్యసాని అనే ఇల్లాలికి లేకలేక కలిగిన కుమార్తె పోలమ, పెళ్లీడు వచ్చీరాకముందే విషజ్వరంతో కన్నుమూయగా, కన్యలు ఆ ఏడు ఆమె గడప ముందు ఆగకుండా వెళ్లిపోయారు. మరుసటి ఏడూ అలాగే చేశారు. పూలు చూస్తే పిల్ల గుర్తుకొచ్చి తల్లి మనసు కుంగిపోతుందని ఊరివారి భయం. బయ్యసాని ఎదురైతే మాట మార్చేవారు, పోలమ పేరు నోటిదాకా వచ్చినా మింగేసేవారు. వారిది మంచి మనసే, కాదనలేం. కానీ అంత మంచితనం మధ్య ఆ తల్లికి కూతురి ముచ్చట చెప్పుకునే మనిషి కరువై, నానాటికీ బిడ్డ ముఖం మనసులో మసకబారసాగింది. పిల్ల పోయిన నాటి దుఃఖం కంటే ఈ భయమే ఆమెను ఎక్కువగా దహించింది.

మూడవ చైత్రంలో పొగడలు విరగబూశాయి గాని పూలకు వాసన లేదు. ఊరి పెద్దలు కలవరపడి శాంతిహోమం జరిపించారు. ప్రసాదం బ్రహ్మాండంగా కుదిరిందన్నారే గాని, పరిమళం మాత్రం తిరిగి రాలేదు.

ఒకనాటి ఉదయం బయ్యసాని, పోలమ చివరిసారి తెచ్చిన ఎండుపూల మూటతో గుట్ట ఎక్కి, దానిని అమ్మవారి ముందు విప్పి, "నా బిడ్డ ఈ ఊళ్లో పుట్టనే లేదా తల్లీ? ఒక్కరూ దాని పేరెత్తరేం? నేనూ మరిచిపోతే అది ఇంకెక్కడుంటుంది?" అని నిలదీసింది. అక్కడే పూలేరుతున్న పోలమ నేస్తం మాచమ, ఆ వాసనకు తలెత్తి, ఊరంతా పాటిస్తున్న మౌనాన్ని మరిచి, "పెద్దమ్మా, ఇవి మన పోలమ ఏరిన పూలు కదూ! రాలిన పువ్వు నలిగిపోతుందని అది ఇక్కడ మునివేళ్ల మీదే నడిచేది. కొంగనడక అని మేమంతా ఏడిపించేవాళ్లం" అనేసి, వెంటనే నాలుక కరుచుకుంది.

బయ్యసానికి ఆ సంగతి తెలియదు. గుట్టపై కూతురు ఎలా నడిచేదో ఆమె ఎన్నడూ చూడలేదు. పోయిన బిడ్డను గురించి ఇంకా కొత్త మాట ఒకటి వినగలనని ఆమె అనుకోనేలేదు. కన్నీరు ధారగా కారుతుండగా మాచమ చేతులు పట్టుకొని, "ఇంకా చెప్పవే" అంది. మాచమ చెబుతున్నకొద్దీ ఆ పిల్ల ఒడిలోని వాసన లేని పూలు ఒక్కొక్కటే గుబాళించాయని పెద్దలు చెబుతారు.

నేటికీ కలువలపాడులో చైత్రమాసపు మొదటి దోసిలి, గడచిన ఏడాదిలో మనిషిని పోగొట్టుకున్న ఇంటికే వెళుతుంది. ఇచ్చేవారు పోయినవారి ముచ్చట ఒకటి చెప్పాలి. పుచ్చుకునేవారు కొంగు పట్టి, "ఇంకా చెప్పు" అనాలి. గుట్టపై పొగడచెట్ల కింద ఉన్న పరుపుబండ మీద ఒక ఆడపిల్ల పాదాల జాడలు కనిపిస్తాయి. కొత్తగా వచ్చినవారు, శిల్పి ఎవరో సగం చెక్కి వదిలేశాడని అనుకుంటారు. ఆ జాడల్లో మునివేళ్లే ఉన్నాయి, మడమలు లేవు.