బుర్రా వారి చేపల గుంట

బుర్రా వారింట్లో తెలివికి కొదవ లేదు. ఈ మాట పేటలో ఎవరూ అనలేదు, బుర్రా వాళ్ళే అనుకునేవారు.

"ఇంటిపేరే బుర్ర. మనకి వేరే సాక్ష్యం ఎందుకురా?" అనేవాడు గవర్రాజు.

"నువ్వన్నాక ఇంకేముంది అన్నా!" అనేవాడు తమ్ముడు సూరన్న.

గవర్రాజు పెళ్ళాం పాపాయమ్మకి ఆ ఇద్దరి తెలివి మీదా కాస్త అనుమానం ఉండేది. తన తెలివి మీద మాత్రం లేదు.

ఆ ఏడు కాలవలో చేప పడలేదు. అన్నదమ్ములు పొద్దున్నే వలలు భుజాన వేసుకుపోయి, మధ్యాహ్నానికి నాచు మోసుకొచ్చేవారు. పిల్లలిద్దరికీ రోజూ గంజీ, ఉల్లిపాయే. ఒకరోజు చిన్నది కంచం ముందు కూర్చుని, "అమ్మా, చేప కూర ఎట్టా ఉంటాది?" అని అడిగింది. పాపాయమ్మ తన వంతు గంజి కూడా దాని కంచంలో వంచేసింది. జాలరోళ్ళ ఇంట్లో పిల్ల అడగాల్సిన మాటా అది?

అలాంటప్పుడు చేపల ఆఫీసరమ్మ పేటకొచ్చింది. వీళ్ళ పెరట్లో నీళ్ళగుంట చూసి, "ఇది పెట్టుకుని గంజి తాగడమేంటండీ? చేప విత్తనం నేనిస్తాను. గుంట సిద్ధం చేసి ఉంచండి" అని చెప్పి వెళ్ళింది.

"విత్తనం అంది, విన్నారా?" అన్నాడు గవర్రాజు. "దుక్కి దున్నకుండా విత్తనం ఎక్కడైనా మొలుస్తాదా?"

అంతే! బిందెలూ బాల్చీలూ తీసుకుని ముగ్గురూ గుంటలో నీళ్ళన్నీ తోడి పారబోశారు. నేల ఎండి నెర్రెలిచ్చాక ఎడ్లని అడిగి తెచ్చి దున్నేశారు. పిట్టలు విత్తనం ఏరుకు తినకుండా పాపాయమ్మ మధ్యలో దిష్టిబొమ్మ కూడా పాతింది.

ఆఫీసరమ్మ చేపపిల్లల సంచులతో వచ్చి ఆ గుంట చూసి మురిసిపోయింది. "ఎండగట్టి దున్నేశారే! పిల్లల్ని వదిలే ముందు సరిగ్గా చెయ్యాల్సింది ఇదే. ఎవరు చెప్పారండీ?"

"ఒకరు చెప్పేదేంటమ్మా! ఇంటిపేరే బుర్ర" అన్నాడు గవర్రాజు మీసం దువ్వుకుంటూ.

కాలవ నీళ్ళు పెట్టారు, పిల్లల్ని వదిలారు. పోతూ పోతూ ఆఫీసరమ్మ, "రోజూ ఇంత తవుడూ చెక్కా కలిపి వెయ్యండి. చెక్క బాగా నలగ్గొట్టాలి సుమా, వాటివి చిన్న నోళ్ళు" అంది.

తవుడు మిల్లులో దొరికింది. మరి చెక్క? ముగ్గురూ ఇల్లంతా కలయజూశారు. వంటింటి తలుపు కనపడింది.

"టేకు తలుపు. మా పుట్టింటోళ్ళు పెట్టించింది" అని గొణిగింది పాపాయమ్మ.

"టేకైతే మరీ బలం వదినా!" అంటూ సూరన్న గొడ్డలి తెచ్చాడు.

ఇంకేముంది! తలుపు పేళ్ళయింది, పేళ్ళు పొట్టయ్యాయి, పొట్టు గుంటలో పడింది. తలుపు లేని వంటింట్లోకి కుక్క దూరి గంజి కాస్తా నాకిపోయింది. తలుపు అయిపోతే పీటలు. పీటలు అయిపోతే కిటికీ రెక్కలు. సూరన్న దూలం వంక చూస్తున్న రోజున ఆఫీసరమ్మ వచ్చింది కాబట్టి కొంప నిలబడింది.

"చెక్క అంటే వేరుశెనగ చెక్కండీ! గానుగలో నూనె తీశాక మిగిలేది!" అని నెత్తి కొట్టుకుంది ఆవిడ.

"ఆ మాట ముందే అంటే అయిపోయేది కదమ్మా. ఏ చెక్కో చెప్పలేదని మేం ఖరీదైందే వేశాం" అన్నాడు గవర్రాజు నొచ్చుకుంటూ.

అసలు చెక్క పడ్డాక చేపలు ఏపుగా పెరిగాయి. పాపాయమ్మ పొద్దున్నే గట్టు మీద కూర్చుని అవి మెరుస్తుంటే చూసుకునేది. చిన్నదాని కంచంలో ఏ ముక్క వెయ్యాలో కూడా అనుకునేది.

ఒకనాడు మబ్బు కమ్మింది. చేపలన్నీ పైకొచ్చి నోళ్ళు తెరిచాయి. పాపాయమ్మ ఇంట్లోకి పరిగెత్తింది. "మావా! చేపలు నోళ్ళు తెరిచి చూస్తున్నాయి!"

"గాలి ఆడట్లేదు. మబ్బు పట్టిన రోజు గాలి అందించాలని మొన్న ఆఫీసరమ్మ చెప్పింది కదే" అన్నాడు గవర్రాజు.

అంతే! తలొక విసనకర్ర పట్టుకుని గుంట చుట్టూ తిరుగుతూ విసిరారు. చేతులు పడిపోయాయి గానీ చేపల నోళ్ళు మూతపడలేదు.

"మనం గాలిని లోపలికి తోలడమెందుకు? చేపల్నే గాలిలోకి తెస్తే పోదా? బయట బోలెడు గాలుంది!" అంది పాపాయమ్మ. ఆ తెలివికి అన్నదమ్ములు నోళ్ళు వెళ్ళబెట్టారు.

వల వేసి పడినన్ని తీసి చాప మీద పరిచారు. చేపలు ఎగిరెగిరి పడ్డాయి.

"ప్రాణం లేచొచ్చింది, గంతులేస్తున్నాయి!" అని సూరన్న చప్పట్లు కొట్టాడు. కాసేపటికి అవి కదలడం మానేశాయి. "ష్, పడుకున్నాయి" అన్నాడు గవర్రాజు. పాపాయమ్మ దుప్పటి తెచ్చి కప్పింది.

గుంటలో మిగిలినవి ఏమైపోయేవో గానీ, ఆఫీసరమ్మ సైకిలు దిగుతూనే ఆ దుప్పటి చూసి కేక పెట్టింది. "నీళ్ళు చిలకండి! ముందు నీళ్ళు చిలకండి!"

చిలకమంటే పాపాయమ్మకి తెలీదా? కవ్వం తెచ్చి మొలలోతు నీళ్ళలోకి దిగింది. బురదలో కాలు జారి, ఒక చేత్తో మొగుణ్ణీ ఇంకో చేత్తో మరిదినీ లాగేసింది. ముగ్గురూ మునుగుతూ తేలుతూ కాళ్ళూ చేతులూ కొట్టుకున్నారు. ఆ కొట్టుకోవడానికి నీళ్ళు నురగలు కక్కాయి. చేపలకి ఊపిరాడింది.

దుప్పటి కింద పడుకున్నవి మాత్రం లేవలేదు. ఆ పూట అవే పులుసు. చిన్నది కంచం నాకి, వేళ్ళు నాకి, "ఇట్టా ఉంటాదా!" అంది. పాపాయమ్మ పొగ సాకు చెప్పి కళ్ళు తుడుచుకుంది.

పట్టుబడి రోజొచ్చింది, గుంటలో చేపలు పట్టారు. "ముందు ఇంటికి సరిపడా ఉంచుకోండి. పేటలో పిల్లలున్న ఇళ్ళకీ ఇవ్వండి. మిగిలినవి ఐసులో పెట్టి సంతకి పట్టుకెళ్ళండి" అని చెప్పింది ఆఫీసరమ్మ.

పేటంతా పులుసు వాసన. మిగిలిన బొచ్చె చేపలు గంపకెత్తుకుని ముగ్గురూ బయల్దేరారు. దారిలో ఐసు బండి గంట వినపడింది. ఇంకేముంది! నాలుగు చేపలిచ్చి పెట్టెడు పుల్ల ఐసులూ గంపలో గుమ్మరించుకున్నారు.

సంతలో గంప దించేసరికి ఒక బొచ్చె ఎర్రగా, ఒకటి పచ్చగా, ఒకటి నారింజ రంగులో ఉంది. పిల్లలు మూగారు. ఈగలూ మూగాయి.

"ఏం చేపమ్మా ఇది?" అంది ఒక ముసలమ్మ.

"బొచ్చేనండి. నారింజ ఐసు బొచ్చె" అంది పాపాయమ్మ.

"తీపి చేప ఎవరు తింటారే తల్లీ! ఆ కాలవలో వేసి రంగు వదిలేదాకా కడిగి తే, కొంటాను."

సూరన్న గంప పట్టుకుపోయి వంతెన కింద పారే నీళ్ళలో బోర్లించాడు. రంగు వదిలింది. చేపలూ వదిలాయి. వరసగా వెల్లకిలా తేలుతూ ప్రవాహంలో కిందికి సాగిపోయాయి.

ముగ్గురూ గట్టు మీద నిలబడి చూశారు. గవర్రాజు కంగారుపడబోయాడు. పాపాయమ్మ భుజం తట్టి ఆపింది.

"చూశావా మావా, చచ్చిపోయినా ఈత మర్చిపోలేదు. మన పెంపకం అట్టాంటిది!"