చెరగనంటే చెరగనన్న మామగారి ముక్కు

ముందుది వెనక, వెనకది ముందు చెప్పేస్తానేమో, మీరే సర్దుకోండి. రాజులు ముందా, కంప్యూటర్లు ముందా అని అడిగితే ఒకప్పుడు టక్కున చెప్పేదాన్ని. ఈ కథలో మాత్రం రెండూ ఒక్క కోటలోనే ఉన్నాయి.

ఆ కోట భుజబలరాయుడిది. యుద్ధాలు తగ్గి తీరిక పెరిగాక ఆయనకి పద్యాల పిచ్చి పట్టింది. రాణిగారు పుట్టింటికి వెళ్ళిన సమయం చూసి, మామగారి ముక్కు మీద ఏకంగా ఒక శతకం రాసేశాడు. కంప్యూటర్లో ఒక ఫోల్డరు చేసి, దానికి 'మామగారి ముక్కు' అని పేరు పెట్టి అందులో ఉంచాడు. కోటలోని కంప్యూటర్లన్నీ రాజుగారి కంప్యూటరుకి తీగలతో కలిపి ఉండేవి. ఎవరి గదిలో వాళ్ళు ఆ ఫోల్డరు తెరిచి, చదివి, మెచ్చుకోవాలి.

ఇలా ఉండగా ఒక పొద్దున కబురొచ్చింది. కూతుర్ని దిగబెట్టడానికి మామగారే స్వయంగా వస్తున్నారు, మధ్యాహ్నం భోజనానికి దిగుతారు.

రాజుగారికి చెమటలు పట్టాయి. ఎందుకంటే మామగారికి ఒక అలవాటుంది. వచ్చిన ప్రతిసారీ కూతురు ఎలా బతుకుతోందో చూడాలని బియ్యం గాదె మొదలు ఆవకాయ జాడీ దాకా అన్నిటి మూతలూ తీసి చూస్తారు. ఈసారి కంప్యూటరు కూడా చూస్తానని చెప్పి పంపారు. ముక్కు సంగతి బయటపడితే కూతుర్ని వచ్చిన బండిలోనే వెనక్కి తీసుకుపోతారు.

"ఆ ఫోల్డరు వెంటనే చెరిపేయండి" అన్నాడు రాజు.

ఆ పని ఆస్థాన యంత్రశిరోమణి ఉద్దండశర్మకి పడింది. ఆయన ఉత్తరీయం సర్దుకుని, గొంతు సవరించుకుని, మీట నొక్కాడు. తెర మీద ఏవో అక్షరాలు వచ్చాయి. చదవకుండానే 'సరే' అని నొక్కాడు. ఫోల్డరు అక్కడే ఉంది.

మళ్ళీ నొక్కాడు. మళ్ళీ అక్షరాలు, మళ్ళీ 'సరే'. కంప్యూటరు ఆపి, వెలిగించాడు. కుంకుమ పెట్టాడు. తూర్పు ముఖంగా ఉన్నదాన్ని ఉత్తరానికి తిప్పించాడు. ముక్కు చెక్కు చెదరలేదు.

"ప్రభూ, ఇది మామూలు ఫోల్డరు కాదు. దీనికి ప్రాణం వచ్చింది" అన్నాడు శర్మ.

"ఇప్పుడేం చేయాలయ్యా?"

"కొమ్మన రాశాడని చెప్పేస్తే సరిపోతుంది. ఆయన నోరు ఎలాంటిదో మామగారికీ తెలుసు."

కొమ్మన అంటే రాజుగారి పక్కన కూర్చుని నవ్వించే మనిషి. శర్మకి ఆయనంటే కడుపుమంట. రాజుకి ఈ ఉపాయం భలే నచ్చింది.

"కొమ్మనా, అయితే నువ్వు చెరిపెయ్. లేకపోతే నువ్వే రాశావు" అన్నాడు.

కొమ్మన మీట నొక్కాడు. అక్షరాలు రాగానే శర్మ 'సరే' నొక్కబోయాడు. కొమ్మన ఆయన చెయ్యి పట్టుకున్నాడు.

"ఆగండి శర్మగారూ, పాపం అదేదో చెబుతోంది." పైకి చదివాడు. "ఈ ఫోల్డరు మరొక చోట తెరిచి ఉంది. అక్కడ మూసి, మళ్ళీ ప్రయత్నించండి."

రాజు ఎగిరిపడ్డాడు. "ఎవడు తెరిచింది? వాడికి గుండు కొట్టించేస్తాను."

ఇక ఎవరు ఒప్పుకుంటారు? మంత్రి నేను కాదన్నాడు. సేనాపతి తనకి చదువే రాదన్నాడు. అందరికంటే ముందు ఒట్టు పెట్టుకున్నది శర్మ. కోటలో గదులా, ఒకటా రెండా. తలుపులన్నీ తట్టేలోపు మామగారి భోజనం కూడా అయిపోతుంది.

అంతలో పొలిమేరలో నగారా మోగింది.

కొమ్మన రాజుగారి చెవిలో ఏదో ఊదాడు. రాజు మెడలోని ముత్యాల హారం చేతిలోకి తీసుకుని లేచి నిలబడ్డాడు.

"గుండు మాట కోపంలో అన్నాను. ఇంత గొడవలోనూ నా కవిత్వాన్ని మూయకుండా తెరిచి ఉంచినవాడు ఎవడో, వాడే నా అసలైన అభిమాని. ఈ హారం వాడిది."

సభలో ఒక ఉత్తరీయం కదిలింది.

"నేనే ప్రభూ" అన్నాడు ఉద్దండశర్మ, కళ్ళు తుడుచుకుంటూ. "మీ శతకం నా గదిలో పారాయణ పెట్టాను. పూర్తయ్యేదాకా మూయకూడదు కదా. రోజూ దాని ముందు దీపం పెట్టి, ఒక పువ్వు కూడా ఉంచుతున్నాను. ఎనిమిదో పద్యం దగ్గర ఉన్నాను."

కొమ్మన చేతులు జోడించాడు.

"అయితే స్వామీ, హారతి ఇచ్చేసి మూసి రండి."

శర్మకి అప్పుడు అర్థమైంది. భటులు ఆయన్ని దాదాపు ఎత్తుకునే గదికి తీసుకెళ్ళి, తీసుకొచ్చారు. కొమ్మన మీట నొక్కాడు. మామగారి ముక్కు చప్పుడు లేకుండా మాయమైంది.

"మరి హారం..." అని నసిగాడు శర్మ.

రాజు కొమ్మన వైపు చూశాడు.

"రెండు మాటలూ మీవే ప్రభూ" అన్నాడు కొమ్మన. "రాజు మాట వెనక్కి పోకూడదు. ముందు గుండు కొట్టించి తర్వాత హారం వేయండి. జుట్టుకి చిక్కుకోకుండా సాఫీగా దిగుతుంది."

శర్మ రెండు చేతులతో పిలక పట్టుకున్నాడు.

"హారం కొమ్మనగారికే ఇప్పించండి ప్రభూ. నాకు జుట్టు చాలు."

సభంతా ఒక్కసారి గొల్లుమంది. రాజు నవ్వుతూనే హారం కొమ్మన మెడలో వేశాడు. సరిగ్గా అప్పుడే గుమ్మంలోంచి ముందు ముక్కు, దాని వెనకే మామగారు లోపలికి వచ్చారు. తన రాకకే ఇంత ఆనందమా అని ఆయన కూడా నవ్వేశారు.

మంజులా, నేను చెబుతుంటే రాసుకున్నావు కదా, ఇది పంపేముందు పేర్లు ఒకసారి చూడమ్మా. భుజబలరాయుడు అల్లుడే కదా, మామగారు కాదు కదా? ముక్కు ఎవరిదో మాత్రం నాకు బాగా గుర్తుంది.