గడ్డి సుంకమ్మ మూడు ఊపిర్లు

వినేవాళ్లు వినండి, ఊఁ కొట్టేవాళ్లు ఊఁ కొట్టండి. కొండకొక కోట, కోటకొక దొర ఉండే కాలం. ఆ కాలం ఎప్పుడని అడిగితే మా అవ్వకు తెలీదు, మా అవ్వకు చెప్పిన అవ్వకూ తెలీదు.

ఆ కాలంలో తేనెగుట్ట కోట అని ఒక కోట. కోట కింద ఒక బీడు. వానలు పడితే ఆ బీట్లో మొలలోతు గడ్డి లేచేది. కోట గుర్రాలు ఆ గడ్డే తినేవి. చుట్టూ ఏడూళ్ల ఎనుములూ గొర్రెలూ ఆ గడ్డి మీదే బతికేవి.

ఆ బీట్లో గడ్డి కోసే ఆడమనిషి పేరు సుంకమ్మ. మొగుడు పోయాడు, పిల్లల్లేరు. ఆమెకున్నవి మూడే. ఒక కొడవలి, ఒక నారతాడు, నెత్తిన పెట్టుకునే చుట్టకుదురు. పొద్దు పొడవకముందే కోసేది, మోపు కట్టేది, కొండెక్కి గుర్రపుసాలలో వేసేది. ఆమె వచ్చిందని గుర్రాలకు తెలిసేది గానీ మనుషులకు తెలిసేది కాదు.

పచ్చిగడ్డి మోపు కట్టినవాళ్లకు ఒక సంగతి తెలుసు. ఎంత బిగించినా కాసేపటికి గడ్డి అణిగిపోతుంది, తాడు వదులైపోతుంది. కొత్తవాళ్లు కట్టిన మోపు సగం కొండ ఎక్కేసరికి జారి నేలపాలు. సుంకమ్మ మోపు ఏనాడూ జారలేదు. ఆమె కట్టేది. పక్కన కూచుని మూడు ఊపిర్లు తీసి వదిలేది. అప్పుడు మళ్లీ బిగించేది. "కట్టు, ఆగు, మళ్లీ కట్టు" అని తనలో తాను అనుకునేది.

అట్లా ఉండగా ఒక ఏడాది రాజధాని నుంచి కబురొచ్చింది. పెద్ద సర్దారు వస్తున్నాడు. గుర్రాల వేడుక చూస్తాడు. తేనెగుట్ట రౌతు గుర్రాన్ని దౌడు తీయించి, వంగి, నేలలో దిగ్గొట్టిన గూటాన్ని ఈటెతో పెరికి ఎత్తాలి. ఎత్తితే కోట కింది బీడు కోటకే ఉంటుంది. ఎత్తలేకపోతే బీడు అవతలి కొండ దొరకు పోతుంది.

కబురు విని ఏడూళ్లలో పొయ్యి సరిగ్గా రాజలేదు.

కోటలో ఆ పని చేయగల గుర్రం ఒక్కటే. బూడిద రంగు ఆడగుర్రం, పేరు మబ్బు. కోటలో రౌతులు ముగ్గురు, ముగ్గురూ అన్నదమ్ములు. పెద్దోడు మబ్బునెక్కాడు. దౌడు తీశాడు. గూటం దగ్గర పక్కకు వంగాడు. వంగీవంగగానే జీను గిర్రున తిరిగి గుర్రం పొట్టకిందికి పోయింది. పెద్దోడి భుజం ఎముక విరిగింది.

జీను కుట్టినవాడు మారెప్ప. దొర అతన్ని పిలిపించాడు.

"ఏంరా మారెప్పా, జీను జారుతాదేంరా?"

"తోలు కొత్తది దొరా, నున్నగా ఉంది. సరి చేస్తాను."

మారెప్ప జీను అడుగున గరుకు తోలు వేసి కుట్టాడు.

ఆ పొద్దు సుంకమ్మ గడ్డి వేస్తూ మబ్బును చూసింది. అంతకుముందు ఎన్నిసార్లో చూసిందే. జీను వేసి, పొట్టకింద తోలుపట్టె బిగించబోతే మబ్బు నమలడం ఆపుతుంది. ముక్కులు విచ్చుకుంటాయి. గాలి పీల్చి పొట్ట ఉబ్బిస్తుంది, ఉబ్బించి అట్లాగే బిగబట్టుకుంటుంది. పట్టె బిగించినవాడు చేతులు దులుపుకుని అటు పోగానే గాలి వదిలేస్తుంది. చూస్తే పట్టెకూ పొట్టకూ మధ్య నాలుగు వేళ్ల సందు.

సుంకమ్మ సాల పెద్ద దగ్గరికి పోయింది. "అయ్యా, తప్పు జీనుది కాదు. గుర్రం ఊపిరి బిగబడతాది. కట్టి, ఆగి, మళ్లీ కట్టండి."

సాల పెద్ద నవ్వాడు. "గడ్డి కోసేదానివి గడ్డి కోసుకోమ్మే. గుర్రాల సంగతి మాకు చెప్తావా?"

సుంకమ్మ చుట్టకుదురు తీసుకుని కొండ దిగిపోయింది.

రెండోసారి నడిపోడు ఎక్కాడు. దౌడు తీశాడు. వంగాడు. జీను గిర్రున తిరిగింది. నడిపోడి కాలు రికాబులో ఇరుక్కుంది, గుర్రం అతన్ని యాభై బారలు ఈడ్చుకుపోయింది. బతికాడు గానీ మళ్లీ గుర్రమెక్కే కాలు కాదు అది.

దొర ముఖం ఎర్రబారింది. "మారెప్పా, ఇంకొక్కసారి జీను జారిందా, నీ కుడిచేతి బొటనవేలు ఉండదు. ఇది ఈ కోట మాట."

జీను కుట్టేవాడికి బొటనవేలు లేకపోతే ఇంకేముంది? సూది పట్టలేడు, దారం లాగలేడు. మారెప్ప రెండు పొద్దులు ముద్ద ముట్టలేదు. జీను అడుగున గుగ్గిలం రుద్దాడు. పట్టెకు ఇంకో పట్టె కలిపాడు. మోకాలు పెట్టి మబ్బు పొట్టను అదిమి బిగించాడు. అతను ఎంత అదిమితే మబ్బు అంత ఉబ్బింది.

సుంకమ్మ అతని పక్కన నిలబడింది. "మారెప్పన్నా, నువ్వు బిగించేది గుర్రాన్ని కాదు, గాలిని. కట్టు, ఆగు, మళ్లీ కట్టు."

"ఇరవై ఏండ్ల నుంచి కుడతా ఉండాను సుంకమ్మా!" అని కసిరాడు మారెప్ప. "నా వేలు పోతాదని నేనేడుస్తా ఉంటే నీ మోపుల ముచ్చటొకటా?"

అతను మళ్లీ మోకాలు పెట్టి పట్టె లాగాడు. సుంకమ్మ అతని బొటనవేలు చూసింది. తాడు తీసుకుని కొండ దిగింది.

వేడుక నాడు తెల్లారింది. ఏడూళ్ల జనం బీడు చుట్టూ నిలబడ్డారు. పందిరి కింద సర్దారు, అతని పక్కన దొర. దొర చాటింపు వేయించాడు. మొదటి నగారాకు జీను వేయాలి. రెండో నగారాకు రౌతు ఎక్కాలి. మూడో నగారా మోగేసరికి గుర్రం దౌడుకు గీసిన గిరిలో ఉండాలి. మూడో నగారా తర్వాత ఆలస్యం చేసినవాళ్లకు, ఎవరైనా సరే, మూడు కొరడా దెబ్బలు.

మొదటి నగారా మోగింది. మారెప్ప జీను వేశాడు, పట్టె బిగించాడు. మబ్బు పొట్ట డోలులా ఉబ్బి ఉంది. పట్టె కింద గడ్డిపోచ కూడా దూరదు. మారెప్ప ముఖాన చెమట తుడుచుకున్నాడు.

రెండో నగారా మోగింది. చిన్నోడు గిడ్డయ్య వచ్చాడు. పెదవులు తెల్లబారి ఉన్నాయి. ఒక అన్న భుజం చూశాడు, ఇంకో అన్న కాలు చూశాడు, ఇప్పుడు తన వంతు. రికాబులో కాలు పెట్టాడు.

సుంకమ్మ గడ్డిమోపు కిందపడేసి వచ్చి గుర్రానికి అడ్డం నిలబడింది. కళ్లెం పట్టుకుంది.

"ఎక్కొద్దు నాయనా. మూడు ఊపిర్లు ఆగు."

"తప్పుకో అవ్వా. నగారా మోగుతాది."

"మోగనీ. మీ అన్నలిద్దరూ ఆగలేదు. నువ్వు ఆగు."

గిడ్డయ్య మారెప్ప వైపు చూశాడు. మారెప్ప తన బొటనవేలు వైపు చూసుకున్నాడు. గిడ్డయ్య కాలు రికాబులోంచి తీసి కింద పెట్టాడు.

సుంకమ్మ మబ్బు పొట్టకు చెవి ఆనించింది. తను ఒక ఊపిరి తీసి వదిలింది. మబ్బు వదల్లేదు. పొట్ట రాయిలా ఉంది.

మూడో నగారా మోగింది.

బీడు చుట్టూ జనం గొణిగారు. పందిరి కింద దొర లేచి నిలబడ్డాడు. "ఎవరది? ఆ ఆడదాన్ని ఈడ్చెయ్యండి!"

భటులు పరుగెత్తుకొస్తున్నారు. సుంకమ్మ రెండో ఊపిరి తీసి వదిలింది. మబ్బు వదల్లేదు. చెవులు వెనక్కి పెట్టి, కంటి తెల్లగుడ్డు చూపిస్తూ అట్లాగే బిగబట్టుకుని ఉంది. సుంకమ్మ దాని పొట్టకు చెవి ఇంకా గట్టిగా ఆనించింది. ఈరోజే ఇది వదలకపోతే? తను చూసిందంతా తప్పయితే? కొరడా సంగతి అట్లుంచు, ఏడూళ్ల గడ్డి ఏమవుతుంది, మారెప్ప వేలు ఏమవుతుంది?

భటుడు ఆమె భుజం పట్టుకున్నాడు. మారెప్ప అడ్డం వచ్చాడు. "ఒక్క ఊపిరి అన్నా! ఒక్క ఊపిరి! నా వేలు కోసం అడుగుతా ఉండా!"

సుంకమ్మ మబ్బు మెడ మీద చెయ్యి వేసింది. "ఎవరూ లాగరు లేమ్మా. వదులు. వదులు తల్లీ" అంది. మూడో ఊపిరి తీసి వదిలింది.

"హుస్స్స్" మని మబ్బు గాలి వదిలింది.

డోలు లాంటి పొట్ట అణిగింది. తోలుపట్టె వదులై ఊగింది. అందరూ చూశారు. భటుడు చూశాడు, సాల పెద్ద చూశాడు. పట్టె కిందికి మారెప్ప అరచెయ్యి దూరింది. ఆ చెయ్యి చూసుకుని అతను బావురుమన్నాడు.

"ఏడుపు తర్వాత. కట్టు" అంది సుంకమ్మ.

మారెప్ప పట్టెను మూడు చిల్లులు ముందుకు లాగి బిగించాడు. గిడ్డయ్య ఎక్కాడు.

మబ్బు దౌడు తీసింది. గూటం దగ్గర గిడ్డయ్య వంగాడు. ఏడూళ్ల జనం ఊపిరి బిగబట్టారు. అతను ఇంకా వంగాడు. జుట్టు నేలకు తగిలేంత వంగాడు. జీను కదల్లేదు. ఈటె గూటంలో దిగింది. గూటం పైకి లేచింది. మన్ను రాలుతున్న గూటాన్ని ఈటె కొనన పట్టుకుని గిడ్డయ్య పందిరి ముందు గుర్రాన్ని నిలిపాడు.

సర్దారు తల ఊపాడు. "బీడు తేనెగుట్టదే" అన్నాడు.

జనం కేకలు వేశారు, ఈలలు వేశారు. ఆ సందట్లో సుంకమ్మ నడుచుకుంటూ పందిరి ముందుకొచ్చి నిలబడింది.

"ఏంటమ్మా? నీకేం కావాల?" అన్నాడు దొర. అతని ముఖంలో కోపం పోయింది.

"ఏమీ వద్దు దొరా. మూడో నగారా తర్వాత ఆలస్యం చేసింది నేనే."

కేకలు ఆగిపోయాయి. దొర సర్దారు వైపు చూశాడు. సర్దారు తనకేమీ తెలీనట్టు మీసం దువ్వుకుంటున్నాడు. చాటింపు వేసిన మాట. సర్దారు ముందు అన్న మాట, వెనక్కి తీసుకోలేడు.

"పోమ్మా, నువ్వు పో. ఎవరూ ఏమీ అనరు" అన్నాడు దొర మెల్లగా.

"అనడం అనకపోవడం కాదు దొరా. ఈరోజు గూటం లేచింది కాబట్టి వదిలేస్తావు. రేపు ఇంకొకడు ఆగుతాడు, గూటం లేవదు. వాణ్ని కొడతావు. అప్పుడు ఎవరూ ఆగరు. ఆగేది గెలవడానికి కాదు దొరా, మనిషి పడకుండా ఉండడానికి. దానికి దెబ్బలుంటే ఉండనీ. నావి నాకెయ్యి."

గిడ్డయ్య గుర్రం దిగాడు. అంగీ విప్పి ఆమె పక్కన నిలబడ్డాడు. "ఆగింది నేను కూడా. ఒకటి నాది."

మారెప్ప వచ్చాడు. "భటుణ్ని ఆపింది నేను. ఒకటి నాది."

మూడు దెబ్బలు, ముగ్గురు మనుషులు. కొరడా తెచ్చారు. ఒకటి గిడ్డయ్య వీపు మీద పడింది. ఒకటి మారెప్ప వీపు మీద పడింది. మూడోది సుంకమ్మకు పడాలి. కొరడా పట్టినవాడి చెయ్యి లేవలేదు. దొర పందిరి దిగి వచ్చాడు. కొరడా తీసుకున్నాడు. సుంకమ్మ వైపు ఒకసారి చూశాడు.

"ఈ మాట అన్నది నేను. మూడోది నాది" అని కొరడా సర్దారు చేతికిచ్చి, తలపాగా తీసి, వంగాడు.

సర్దారు కొట్టాడో లేదో ఒక్కొక్కరు ఒక్కోలా చెబుతారు. కొట్టాడనే మా అవ్వ చెప్పేది. చప్పుడు ఏడూళ్లకూ వినబడిందనేది. ఆ పొద్దే ఆ చాటింపును దొర రద్దు చేశాడు. పెద్దోణ్నీ నడిపోణ్నీ పడేసిన తప్పు జీనుది కాదని, గుర్రానిదీ కాదని, తొందరదని అందరి ముందూ చెప్పాడు.

సుంకమ్మ మర్నాడు మళ్లీ గడ్డి కోసింది. ఆమెకు కోటలో ఇల్లిస్తామన్నారు, బీడు దూరమవుతుందని వద్దంది. తర్వాత ఎన్ని వానలు చూసిందో గానీ, ఒక ముసురు కాలంలో జ్వరమొచ్చి మూడు రోజుల్లో పోయింది.

ఆమెకు పాడె కట్టినవాడు మారెప్ప. గిడ్డయ్యా, అతని అన్నలూ మోయడానికి వచ్చారు. మారెప్ప తాళ్లు వేసి ముడి బిగించబోయి ఆగాడు. "ఆగండి" అన్నాడు. అందరూ ఆగారు. ఒక ఊపిరి. రెండు ఊపిర్లు. మూడు ఊపిర్లు. వానచినుకులు తప్ప చప్పుడు లేదు. సుంకమ్మ వదలాల్సిన ఊపిరి ఏమీ లేదు. మారెప్ప తల దించుకుని ముడి వేశాడు.

ఇప్పుడా కోట లేదు. ఆ దొరలూ లేరు. కానీ ఆ పక్క ఊళ్లలో పెళ్లికొడుకును ఎక్కించే గుర్రానికైనా, తిరనాళ్లలో తిప్పే గుర్రానికైనా ఒక్కసారి పట్టె బిగించి వదిలెయ్యరు. బిగిస్తారు, చెయ్యి తీస్తారు, నోరు మూసుకుని నిలబడతారు. బండికి బస్తాలు కట్టేవాళ్లూ అంతే. ఎవరైనా తొందరపెడితే పెద్దవాళ్లు చెయ్యి ఎత్తి "సుంకమ్మకు మూడు" అంటారు. ఆ మాట అన్నాక దొరైనా సరే ఆగాల్సిందే.