నక్కకెందుకు జొన్నలు?

కళ్లం పక్కన గడ్డివాము, గడ్డివాము పక్కన కోళ్లగూడు, ఆ గూటి కప్పుకు ఓ పెద్ద చిల్లు. సరిగ్గా చిల్లు కిందే చుక్కమ్మ అనే పెట్ట గుడ్లు పొదుగుతోంది. వానలు రేపో మాపో అన్నట్టున్నాయి. గుడ్లు తడిస్తే మురిగిపోతాయి. అందుకే నూర్పిళ్లప్పుడు రాలిన జొన్నలు గింజ గింజా ఏరి, నోరు కట్టుకుని, ఓ పగిలిన కుండలో దాచింది. ఆ జొన్నలిస్తే కప్పు నేసిపెడతానని గిజిగాడు మాటిచ్చాడు. గిజిగాడి పనికి వంక పెట్టలేం, కాకపోతే ఉత్త చేతులతో పిలిస్తే వచ్చే రకం కాదు.

ఆ పొద్దున చుక్కమ్మ కుండలోకి తొంగిచూస్తే అడుగు కనిపించింది.

"ఏమయ్యా! ఎక్కడున్నావ్?"

చుక్కమ్మ మొగుడు డేగరాజు అనే పుంజు. గడ్డివాము వెనక నుంచి ఛాతీ విరుచుకుని వచ్చాడు. రెక్క కింద ఏదో తళతళలాడుతోంది.

"జొన్నలేవి?"

"అరవకే. ఇది చూడు ముందు. అద్దం! నక్క బావ కొట్లో కొన్నాను. రేపు కుందేలు తెల్లమ్మ ఇంట్లో బారసాల కదా, చదివింపులకు."

చుక్కమ్మ ఖాళీ కుండను మొగుడి కాళ్ల ముందుకు దొర్లించింది. ఇక నోరు ఆగలేదు. "పోయిన బారసాలకు గజ్జె కొన్నావ్. అంతకుముందు గవ్వల దండ. తెల్లమ్మకేం, నెల తిరిగేసరికి కాన్పే! ఆమె కన్నప్పుడల్లా మన కుండ బోర్లించాలా? గిజిగాడికి ఏమిస్తావ్, నీ తురాయా?"

"వాన దాకా చూద్దాంలేవే. మొన్న బాతుగారి పేరు ఎంత గట్టిగా చదివారో విన్నావా? మన పేరు అంతకన్నా చిన్నగా వినిపిస్తే నలుగురిలో తలెత్తుకోవడం ఎట్లా?"

చెప్పొచ్చేదేమిటంటే, మనుషుల్ని చూసి ఈ జంతువులు కూడా చదివింపులు నేర్చుకున్నాయి. ఎవరింట్లో శుభకార్యమైనా గాడిద సన్నాసన్న దిబ్బ మీద నిలబడి ఎవరు ఏం ఇచ్చారో గొంతెత్తి చదువుతాడు. ఇచ్చింది ఎంత మెరిస్తే ఓండ్రింపు అంత గట్టిగా ఉంటుంది. పుచ్చుకున్నవాళ్లకు అది పనికొస్తుందా అని ఒక్కరూ అడగరు. చదివాక వెనక్కి తీసుకోవడం మాత్రం లేదు. ఆ కట్టుబాటు తప్పినవాణ్ణి కాపలా కుక్క టైగరు కళ్లం పొలిమేర దాకా తరుముతుంది.

బారసాల జరిగింది. "డేగరాజు గారు! అద్దం చదివించారహో!" అని సన్నాసన్న ఓండ్రపెడితే చెట్ల మీద కాకులు లేచిపోయాయి. డేగరాజు మెడ ఇంకాస్త పొడుగైంది. తెల్లమ్మ అద్దం కేసి చూసి, అందులో తన బక్క మొహం చూసుకుని, నవ్వలేక నవ్వింది.

ఆ నవ్వు చుక్కమ్మను నిలవనివ్వలేదు. మర్నాడు మొగుణ్ణి పిలిచి, "కాసేపు గుడ్ల మీద కూర్చో" అంది.

"నేనా? పుంజునే, నేను! ఎవరైనా చూస్తే?"

"చూస్తే సన్నాసన్నతో చదివించుకో. కూర్చో!"

కుందేలు బొరియలో పిల్లలు కిచకిచమంటున్నాయి. తెల్లమ్మ డొక్కలు వెన్నుకంటుకుపోయి ఉన్నాయి. అద్దం జాడ లేదు.

"అమ్మేశాను వదినా, ఏమనుకోకు" అంది తెల్లమ్మ తల దించుకుని. "పిల్లలు అద్దం తాగుతారా? నక్క బావకిస్తే ఇంత ఎండుగడ్డి పడేశాడు. గజ్జే అంతే, దండా అంతే."

"అయితే నీకు కావలసిందేమిటే పిచ్చిదానా? నోరు తెరిచి చెప్పచ్చుగా!"

"ఎవరడిగారు వదినా? వీళ్లను వదిలి మేతకు పోలేను. నేను మేస్తేనే గదా వీళ్లకు పాలు. పూటకు కాసేపు ఎవరైనా ఇక్కడ కూర్చుంటే చాలు."

చుక్కమ్మ తల బాదుకుంది. నెలలుగా ఊరంతా పోటీపడి తెచ్చింది మెరిసే చెత్త. ఈమెకు కావలసింది కాసేపు కూర్చునే తోడు! మారు మాట్లాడకుండా రెక్కలు విప్పి పిల్లల మీద కూర్చుంది. "పో, మేసి రా. కడుపు నిండేదాకా రాకు." తెల్లమ్మ కళ్ల నీళ్లు పెట్టుకుని పరుగెత్తింది. ఆ చదివింపును ఏ గాడిదా చదవలేదు.

తెల్లమ్మ మేసి వచ్చాక చుక్కమ్మ ఇంటిదారి పట్టింది. ఆ దారిలోనే నక్క కొట్టు. ముందు వరసలోనే అద్దం! అంచున పాదరసం కాస్త ఊడి ఉంది. కొన్న రోజున డేగరాజు అందులో ఇంకో పుంజుందనుకుని పొడిచిన చోటే అది. పక్కనే గజ్జె, గవ్వల దండ.

"రా చుక్కమ్మా, కొత్త సరుకు!" అన్నాడు నక్క బావ. ఇతగాడు మాంసం మానేశానని చెప్పి టైగరు దగ్గర అనుమతి పుచ్చుకుని కొట్టు పెట్టాడు. "బర్రె పెద్దమ్మ దూడకు పేరు పెడుతున్నారుగా. అద్దం తీసుకో. నీకని తగ్గించి ఇస్తా, జొన్నలే తేవాలి సుమా."

చుక్కమ్మ ఒళ్లు మండిపోయింది. ఒకే అద్దాన్ని ఎంతమందికి అంటగట్టాడో! తిట్టబోతూ కొట్టు వెనకున్న నక్క గుహలోకి చూసి ఆగిపోయింది. లోపల జొన్నల రాశి కొండలా ఉంది. కళ్లం మీద కోళ్లవీ, పిచ్చుకలవీ, పావురాలవీ, అందరి కుండలూ అక్కడే ఒలికినట్టున్నాయి.

"బావా, నువ్వు జొన్నలు తినవుగా?"

"తినను."

"మరెందుకు ఇన్ని?"

నక్క బావ పళ్లు కనబడేలా నవ్వాడు. "వానల్లో మీకు గింజ దొరకదు కదమ్మా. పాపం, అప్పుడు ఆదుకుందామని. ఒక్కొక్కరూ వచ్చి, ఇలా లోపలికి వచ్చి, కావలసినన్ని తీసుకోవచ్చు."

లోపలికి. ఒక్కొక్కరూ. చుక్కమ్మ ఈకలు నిక్కబొడుచుకున్నాయి. మాంసం మానినవాడి వ్యాపారం ఇదన్నమాట! పుట్టబోయే తన పిల్లలు చలికి వణుకుతూ ఈ గుమ్మం ముందు నిలబడినట్టు కళ్లకు కట్టింది. బయటికి మాత్రం, "నీది ఎంత మంచి మనసు బావా" అని వచ్చేసింది.

టైగరుకు చెబితే సాక్ష్యం అడుగుతుంది. మొగుడికి చెబితే కూత పెట్టి ఊరంతా చాటి నక్కను మేలుకొలుపుతాడు. బర్రె పెద్దమ్మ ఒక్కతికే చెప్పింది. చెప్పి, వేడుక నాడు సన్నాసన్న చెవిలో నాలుగు మాటలు వేసింది. సన్నాసన్నకు ఆలోచించే జబ్బు లేదు. చెవిలో పడింది నోట్లోంచి వస్తుంది, అంతే.

దూడకు పేరు పెట్టారు. నక్క బావ కూడా వచ్చి, ఎవరేం కొన్నారో చూసుకుంటూ ముందు వరసలో కూర్చున్నాడు. సన్నాసన్న దిబ్బెక్కాడు.

"నక్క బావ గారు! తన గుహలోని జొన్నలన్నీ! బర్రె పెద్దమ్మ చేతుల మీదుగా! గింజ తినే ప్రతి ఇంటికీ చదివించారహో!"

కళ్లమంతా ఆహా అంది. నక్క బావ గతుక్కుమన్నాడు. "ఎవరన్నారు? నేనెప్పుడు అన్నాను?"

"మొన్ననేగా బావా అన్నావు, మమ్మల్ని ఆదుకోవడానికే దాచానని!" అంది చుక్కమ్మ అందరికీ వినిపించేలా. "నువ్వేమో జొన్నలు తినవు. ఇవ్వడానికి కాకపోతే మరెందుకు దాచినట్టు? పెద్దలున్నారు, చెప్పు."

అంతా నక్క వైపు తిరిగారు. పిచ్చుకలు ఒకదాన్నొకటి చూసుకున్నాయి. నిజమే, నక్కకెందుకు జొన్నలు? ఇన్నాళ్లూ ఎవరికీ ఈ మాట తట్టలేదేం? టైగరు చెవులు నిటారుగా లేచాయి. "చెప్పు బావా, నాకూ వినాలని ఉంది" అంది మెల్లగా.

నక్క బావ టైగరు కోరల కేసి చూశాడు. నిజం చెబితే ప్రాణం పోతుంది, అబద్ధం చెబితే జొన్నలు పోతాయి. కుడితిలో పడ్డ ఎలుకలా గిలగిల్లాడి, "ఇవ్వడానికే... ఇవ్వడానికే దాచాను" అన్నాడు.

"భేష్! చదివాక వెనక్కి లేదు" అని టైగరు జొన్నలు మోయడానికి కళ్లం ఎడ్లను లేపింది. పొద్దు వాలకముందే గుహ ఊడ్చినట్టయింది. బర్రె పెద్దమ్మ దగ్గరుండి ఇంటింటికీ పంచింది. చుక్కమ్మ తన వాటా నేరుగా గిజిగాడి ముక్కు ముందు పోసింది. కప్పు నేయడం అయిన మర్నాడే వాన కుండపోతగా కురిసింది. గుడ్లన్నీ పొడిగా పిల్లలయ్యాయి.

వానలన్నాళ్లూ నక్క బావ గుమ్మంలో కూర్చుని దారి చూశాడు. ఒక్క పిట్టా అటు పోలేదు. ఆకలికి ఆగలేక చివరకు వాగు దాటి వేరే అడవి వెతుక్కున్నాడు.

అంతా సద్దుమణిగాక డేగరాజు చుక్కమ్మ పక్కన చేరి గొంతు సవరించుకున్నాడు. "అన్నీ బాగానే ఉన్నాయి గానీ, ఏమే, దూడ వేడుకలో మన పేరు చదవనే లేదేం?"

చుక్కమ్మ పిల్లల్ని రెక్కల కిందికి లాక్కుని కళ్లు మూసుకుంది. నక్కకు బుద్ధి చెప్పొచ్చు గానీ పుంజుకు చెప్పడం ఎవరి తరం?

నీతి: పదిమంది వినాలని ఇచ్చింది గాలికి పోతుంది, ఏం కావాలో అడిగి ఇచ్చింది ఒక్క కడుపైనా నింపుతుంది.