తెలివి లేని టీవీ

"ఇంకా దొరకలే గురువుగారూ," అంటూ రాజలింగం వచ్చి గోడవారగా కూర్చున్నాడు.

ఏది దొరకలేదని, ఊళ్లో తత్వాలు చెప్పే గంగారాం గురువుగారు అడగలేదు. ఆ చుట్టుపక్కల ఊళ్లలో ఆ ప్రశ్న ఎవరూ అడగరు. రాజలింగం వెతికేది టీవీ. ఇప్పుడు అందరిళ్లలో ఉండే స్మార్ట్ టీవీ కాదు. నెట్టు ఉండకూడదు, మన మాట వినకూడదు, మన ఇష్టాలు కనిపెట్టి 'ఇది కూడా చూడండి' అనకూడదు. మీట నొక్కితే బొమ్మ రావాలి, మళ్లీ నొక్కితే పోవాలి. అంతే.

ఆయన ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరయ్యాడు. చేతిలో బస్సు పాసు ఉంది, ఊరు కోరుట్ల రోడ్డు మీదే ఉంది. ఇంకేం కావాలి? కోరుట్ల, మెట్‌పల్లి, జగిత్యాల, ఆర్మూరు, నిజామాబాదు, ఎక్కని దుకాణం లేదు. కొన్నిచోట్ల కుర్రాళ్లు నవ్వారు. ఒక సేటు అయితే "ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి" అని మొహం మీదే అన్నాడు. జగిత్యాలలో ఒకాయన మాత్రం మంచివాడు. కూర్చోబెట్టి చాయ తాగించి, "నెట్టు కలపకుంటే అయిపాయె కాకా. అప్పుడు గిదీ మామూలు టీవీనే" అని నచ్చజెప్పాడు. రాజలింగం చాయ తాగాడు. మాట చెవిన పెట్టలేదు.

ఆ టీవీ ఆయన కోసం కాదు. భార్య లచ్చవ్వ కోసం.

లచ్చవ్వ జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. గుండె జబ్బు ఉందని ఆపరేషన్ చేయలేదు. రాజలింగం ఆమె మంచాన్ని టీవీకి ఎదురుగా వేయించాడు. నెల తిరక్కుండానే ఉరుములవానలో ఆ పాత డబ్బా టీవీ కాలిపోయింది. పెళ్లయిన నాటి నుంచి బీడీలు చుట్టిన మనిషి లచ్చవ్వ. ఒళ్లో చాట, కళ్లు బొమ్మ మీద, వేళ్లు ఆకు మీద. తుంటితో బీడీలు పోయాయి, ఉరుముతో టీవీ పోయింది. ఎదురుగా గోడ మిగిలింది.

సాయంత్రం రాజలింగం వాకిట్లో చెప్పులు విడుస్తుంటే లోపలినుంచి గొంతు వచ్చేది.

"దొరికిందా?"

"దొరకలే. రేపు మల్ల పోతా."

ఈ రెండు మాటలతో ఎండాకాలం పోయింది, వానాకాలం పోయింది. మధ్యలో ఒకసారి నిజామాబాదు నుంచి కూతురు తల్లికోసం కొత్త టీవీ పట్టుకొచ్చింది. పెట్టె మీద స్మార్ట్ అని చూడగానే రాజలింగం గడప దాటనివ్వలేదు. లచ్చవ్వ మంచంలోంచి చూస్తుండగానే ఆ పెట్టె వచ్చిన ఆటోలోనే తిరిగి వెళ్లింది. కూతురు ఏడ్చుకుంటూ వెళ్లింది.

చలికాలం చివర్లో లచ్చవ్వ నిద్రలోనే పోయింది. రాజలింగం వెతకటం మానలేదు.

"ఆమె పోయె గదా," అన్నారు గురువుగారు. "ఇంకెవరి కోసం తిరుగుతున్నవు?"

"మాటన్న తర్వాత తప్పొద్దు గదా గురువుగారూ. ఆమె పేరు మీద తెచ్చి పెడ్తా." కొంచెం నిటారుగా కూర్చున్నాడు. "ఒక్కటి మాత్రం తృప్తి. చివరి నెల ఆమె నన్ను అడగనే లేదు. టీవీ పేరే ఎత్తలే. నా పట్టుదల చూసి ఆమెకు ఆశ తెగిపోయింది. మీ దగ్గర ఏండ్లకేండ్లు కూసున్నా మాకే రాని వైరాగ్యం, మంచంల పండి సాధించింది. కాకపోతే ఒక్క అద్దం పిచ్చి పోలే. పొద్దంతా చేతిల అద్దమే. గా వయసుల గా సోకేందో."

గురువుగారు ఆయన మొహంలోకి చూశారు. "గీ పట్టు ఎవరు చెప్పిండ్రు నీకు? స్మార్ట్ టీవీ ఇంటికి రావొద్దని?"

"మీరే."

"నేనా?"

"యాది లేదా? రెండేండ్ల కింద, తత్వాలు పాడుకున్నంక, ఒక పిల్లగాడు స్మార్ట్ ఫోను తీసి దాంతోని మాట్లాడిపిచ్చిండు. అప్పుడు మీరన్నరు. 'అడగకముందే చెప్పేది ఇంట్ల ఒక్కటుంటేనే ఓపలేకపోతున్న, ఇంకోటి వద్దురా నాయనా' అని."

లోపల వంటింట్లో గురువుగారి భార్య గిన్నె కింద పెట్టిన చప్పుడైంది. ఆ రోజు ఆ మాటకు అందరికంటే ఎక్కువగా నవ్వింది ఆవిడే. రాజలింగం మాత్రం నవ్వలేదు, దాన్ని ఉపదేశంగా మూటగట్టుకుని ఇంటికి పోయాడు.

గురువుగారి మొహం చిన్నబోయింది. తన నోటి మాట అంత దూరం పోయి, ఒక ఆడమనిషి మంచం ముందు అన్ని నెలలు కూర్చుందని ఆయనకు ఆ రోజు దాకా తెలియదు.

"రేపు పొద్దుగాల మీ ఇంటికొస్త," అన్నారు చివరికి.

మర్నాడు గొడుగు, చేతికర్రతో వచ్చారు. గది చూశారు. మంచం అక్కడే ఉంది. ఎదురుగా ఖాళీ టీవీ బల్ల, దాని వెనక గోడ మీద, టీవీ ఉన్నంత మేర మాసిపోని సున్నం.

"పండుకో," అన్నారు మంచం చూపించి.

రాజలింగం అర్థం కాక నిలబడ్డాడు.

"లచ్చవ్వ లేచేదా?"

"లేదు."

"నువ్వు గూడ లెవ్వకు. మరీ అవుసరమైతే తప్ప. అన్నం పక్కింటి సత్తవ్వ తెస్తది, లచ్చవ్వకు తెచ్చినట్టే. నేను పోయి టీవీ దొరుకుతదేమో చూసొస్త."

"ఈ ఎండల మీరు తిరుగుడేంది గురువుగారూ? నేను పోత."

"ఆ మాట నాది. తిరుగుడు గూడ నాకుండాలె," అని గురువుగారు గొడుగు తెరిచి రోడ్డెక్కారు.

గురువు చెప్పాక చేసేదేముంది, రాజలింగం పడుకున్నాడు. కాసేపు హాయిగానే ఉంది. తర్వాత ఫ్యాను కిర్రుమనటం వినిపించింది. తర్వాత గోడ. పక్కింట్లో సత్తవ్వ టీవీ పెట్టింది. బొమ్మ కనిపించదు, పాట వినిపిస్తుంది. మాటలు సగం అందుతాయి, సగం అందవు. ఎవరో ఏడుస్తున్నారు, ఎందుకో తెలియదు. ఎవరో నవ్వుతున్నారు, దేనికో తెలియదు. అసలే లేకపోయినా బాగుండేదనిపించింది ఆయనకు.

మధ్యాహ్నానికి వీపు కింద పరుపు కాలింది. రోడ్డు మీద బస్సు ఆగిన చప్పుడైనప్పుడల్లా తల ఎత్తాడు. కిటికీ తల వెనక ఉంది. ఎంత మెడ తిప్పినా కిటికీ చెక్క తప్ప ఏమీ కనబడదు.

దీపాల వేళకు వాకిట్లో చెప్పుల చప్పుడైంది.

"దొరికిందా?" అన్నాడు రాజలింగం, గురువుగారు లోపలికి రాకముందే.

"దొరకలే. రేపు మల్ల పోతా." గురువుగారు కుర్చీలో కూలబడి తువ్వాలతో మొహం తుడుచుకున్నారు. "జగిత్యాలల మంచి దుకాణమున్నది. ఏసీ సల్లగున్నది. కూసోపెట్టి చాయ పోసిండ్రు. ఎన్ని తీర్ల టీవీలు, గోడంత గోడంత! పొద్దు ఎట్ల పోయిందో తెల్వలే."

పొద్దు ఎలా పోయిందో రాజలింగానికి బాగా తెలుసు.

రెండో రోజూ అంతే. గురువుగారు మెట్‌పల్లి పోయి వచ్చారు. కాళ్లు వాచి ఉన్నాయి, దుకాణాల ముచ్చట్లు లేవు. "దొరికిందా?" అంటే "దొరకలే. రేపు మల్ల పోతా" అన్నారు, అంతే.

మూడో రోజు పొద్దున రాజలింగం చెయ్యి పరుపుకూ గోడకూ మధ్య సందులో పడింది. ఏదో తగిలితే పైకి లాగాడు. లచ్చవ్వ అద్దం. కొండగట్టు జాతరలో కొన్నది, ఎర్ర ప్లాస్టిక్ పిడి ఉన్నది. ఊరికే మొహం చూసుకున్నాడు. గడ్డం మాసి ఉంది, కళ్లు గుంటలు పడి ఉన్నాయి. ఈ మొహం ఎంతసేపు చూసుకుంటారు ఎవరైనా? చెయ్యి అలసి అద్దం కొంచెం పక్కకు వాలింది.

మొహం జారిపోయి కిటికీ వచ్చింది.

కిటికీలో వీధి ఉంది. బోరింగు దగ్గర బిందెలు, మేక పిల్లను తోలుతున్న ఒక ముసలాయన, స్కూలు వ్యాను, ఆ వెనక రోడ్డు, రోడ్డు మీద బస్సు ఆగే చోటు. అన్నీ ఎడమవి కుడిగా, కుడివి ఎడమగా, అరచేయంత బొమ్మలో కదులుతున్నాయి.

సత్తవ్వ అన్నం గిన్నెతో లోపలికి వచ్చి, ఆయన చేతిలో అద్దం చూసి అక్కడే ఆగిపోయింది.

"గా అద్దంలనే చూసేది అన్నా," అంది నెమ్మదిగా. "నువ్వు బస్సు దిగుడు దాంట్ల కనపడేది. మొదట్ల కనిపెట్టలే గాని, చివరి దినాలల్ల రోజూ గదే పని. చూసి నాకు చెప్పేది. 'సత్తవ్వా, వట్టి చేతులతోనే వస్తుండు. ఎండల పడి వస్తుండు, జెర చాయ పెట్టు' అనేది."

గిన్నె బల్ల మీద పెట్టి ఆమె వెళ్లిపోయింది.

ఆ నెలంతా ఇల్లు చేరేసరికి చాయ వేడిగా ఉండేది. సత్తవ్వ మంచి మనిషి, వేళ తెలిసిన మనిషి అనుకునేవాడు రాజలింగం.

అన్నం చల్లారిపోయింది. ఆయన కిటికీ వైపు మెడ తిప్పాలని చూశాడు, తిరగలేదు. మంచాన్ని ఇటు తల అటు తిప్పి వేస్తే సరిపోయేది. వీధి మొత్తం ఆమె కళ్ల ముందుండేది, అద్దం పట్టుకునే పని ఉండేది కాదు. ఇద్దరు మనుషులు పట్టుకుంటే అరనిమిషం పని. సత్తవ్వ కొడుకు పక్కింట్లోనే ఉన్నాడు. టీవీ కోసం రెండు జిల్లాలు తిరిగాడు గానీ ఆ అరనిమిషం ఆయనకు తట్టలేదు. టీవీ వచ్చేదాకా మంచం అలాగే ఉండాలని ఆమె కూడా అనుకుందేమో. లేక అడిగి అడిగి నోరు నొచ్చిందేమో. అడగటానికి ఆమె లేదు. రాజలింగం దిండులో మొహం దాచుకుని ఏడ్చాడు. దహనం నాడు కూడా అంత ఏడవలేదు.

ఏడుపు తగ్గాక ఇంకో సంగతి గుర్తొచ్చింది. ఆ దుకాణాల్లో కూర్చోవటం తనకు బాగుండేది. పాత రూట్లు, పాత డ్రైవర్లు, పలకరింపులు. ఒకవేళ ఏ దుకాణంలోనైనా ఆ టీవీ దొరికి ఉంటే మర్నాటినుంచి ఈ గదిలో కూర్చోవాలి, మూలిగే మనిషి పక్కన. దొరకలేదని ఏ రోజైనా తనకు నిజంగా బాధ కలిగిందా? ఆలోచించాడు. గుర్తు రాలేదు.

పొద్దు వాలింది. బస్సు ఆగిన చప్పుడైంది.

రాజలింగం అద్దం ఎత్తి పట్టుకున్నాడు. కదలకుండా రెండో చేత్తో కూడా పిడి పట్టుకున్నాడు. బస్సు కదిలాక రోడ్డు పక్కన ముసలి గురువుగారు ఒక్కరే నిలబడి ఉన్నారు. ఒక చేతిలో మూసిన గొడుగు, ఇంకో చేతిలో కర్ర. రెండడుగులు వేసి ఆగారు. మళ్లీ నడిచారు. బోరింగు దగ్గర పుడిసెడు నీళ్లు మొహాన చల్లుకున్నారు. ఇంటి వైపు తిరిగారు.

అద్దంలోంచి గురువుగారు దాటిపోయాక రాజలింగం దాన్ని పరుపుకూ గోడకూ మధ్య సందులో, దొరికిన చోటే పెట్టేశాడు.

"సత్తవ్వా," అని గోడ మీద తట్టి పిలిచాడు. "గురువుగారొస్తున్నరు. జెర చాయ పెట్టు."

వాకిట్లో చెప్పులు విడిచిన చప్పుడైంది. గొడుగు గోడకు ఆనించిన చప్పుడైంది. గురువుగారు గడపలో కాసేపు నిలబడ్డారు. లోపలినుంచి మాట ఏదీ రాలేదు.

ఆయన నెమ్మదిగా వచ్చి, కుర్చీలో కాకుండా మంచం పక్కన నేల మీద కూర్చున్నారు.

"ఏం రాజలింగం," అన్నారు. "ఇయ్యాల అడగవేంది?"