గేటు దాటిన సంగటి

ఓబులేసుకు వచ్చిన కష్టం వింటే ఎవరికైనా నవ్వొస్తుంది. పుట్టి బుద్ధెరిగాక వాడు ఒకరి తప్పు పట్టిన పాపాన పోలేదు. ఇప్పుడు పట్టి ఉండాల్సిన అవసరం వచ్చిపడింది.

బీకాం పాసై ఖాళీగా ఉన్నాడు. పెట్టిన దరఖాస్తులన్నీ ఏ గంగలో కలిశాయో తెలియదు. అంతలో ఒక ప్రభుత్వ రంగ సంస్థ, కొత్తగా డిగ్రీ అయినవాళ్ళను కాంప్లయన్స్ విభాగంలో ఇంటర్న్‌లుగా తీసుకుంటామని ప్రకటన ఇచ్చింది. కాంప్లయన్స్ అంటే మరేం లేదు, సంస్థలో చిన్నా పెద్దా అందరూ రూల్సు ప్రకారం నడుస్తున్నారా లేదా అని చూడటం. కొన్నాళ్ళు బుద్ధిగా చేస్తే తర్వాత అక్కడే ఉద్యోగం దొరకొచ్చని చెప్పుకుంటున్నారు. ఓబులేసు తల్లి మైదుకూరు పక్కన పసుపు చేలల్లో కూలికి పోతుంది. ఆమె నడుము ఇంక వంగనంటోంది. కాబట్టి ఈ ఇంటర్న్‌షిప్ వాడికి సరదా కాదు.

దరఖాస్తులో అన్నీ నింపాడు. ఒక్క ప్రశ్న దగ్గర ఆగిపోయాడు. మీరు ఒక నిబంధన ఉల్లంఘనను గుర్తించి ఆపిన సందర్భాన్ని వివరించండి, అని అడిగారు.

వాడి స్నేహితులు తడుముకోకుండా తలా ఒక కథ అల్లేశారు. ఒకడైతే కాలేజీలో పరీక్ష పేపరు లీకును పట్టేసుకున్నాడు, పాపం అసలు ఆ పరీక్షే రాయనివాడు. ఓబులేసుకు అది చేతకాదు. చెంచయ్య స్వామి ఆశ్రమంలో పెరిగినవాడు, అబద్ధం రాయడానికి వాడికి చెయ్యి రాలేదు. అందుకని నిజంగానే ఒకరిని పట్టుకుందామనుకున్నాడు.

చెంచయ్య స్వామిది పెద్ద పేరున్న ఆశ్రమం కాదు. రోడ్డు పక్క ఒక రేకుల సత్రం, వెనక రెండు గదులు, ముందర ఇనుప గేటు. మధ్యాహ్నం ఎవరొచ్చినా రాగిసంగటి, నంజుకోవడానికి చెనక్కాయల ఊరిబిండి పెడతారు. కులం అడగరు, పేరూ అడగరు. ఉన్న నియమం ఒక్కటే, దాన్ని స్వామే తన చేత్తో గోడ మీద రాశాడు: ఇక్కడ వండింది ఇక్కడే తినాలి, గేటు దాటకూడదు. ఒకప్పుడు బలమున్నవాళ్ళు ముందే వచ్చి గిన్నెలు నింపుకుని పోతుంటే, వెనక వచ్చిన ముసలీ ముతకా ఆకలితో తిరిగిపోయేవాళ్ళట. అందుకని పెట్టిన నియమం.

ఆ నియమం రోజూ తప్పే మనిషి ఒకరున్నారు. వంట చేసే లచ్చుమమ్మ. పని అయ్యాక కొంగు కింద చిన్న సత్తు గిన్నె పెట్టుకుని ఇంటికి పోతుంది. మొగుడు మిద్దె కట్టే కాడ సారవ కర్రల మీంచి పడి, మంచానికి అతుక్కుపోయాడు. ఇది అందరికీ తెలుసు. స్వామికీ తెలుసు. చూసీ చూడనట్టు ఉండిపోతారు. ఓబులేసూ అన్నేళ్ళు అలాగే ఉన్నాడు.

ఆ రోజు ఉండలేదు. జనం ఇంకా చేతులు కడుక్కుంటుండగానే గేటు దగ్గర ఆమెకు అడ్డం నిలబడి, కొంగు కింద ఏముందో చూపించమన్నాడు. ఆమె నవ్వింది, ఆటపట్టిస్తున్నాడనుకుంది. వాడు గోడ మీది రాత చూపించాడు. అప్పుడు ఆమె మొహంలో నవ్వు పోయింది.

"అది నా ముద్దే నాయనా," అంది. "నేను తిన్లా ఈపొద్దు."

"అట్లయితే ఈడనే కూచ్చోని తిను అవ్వా. బయటికి మాత్రం పోకూడదు."

రూలు ప్రకారం ఆ మాటలో వంక పెట్టడానికేమీ లేదు. లచ్చుమమ్మ వెనక్కి పోయి ముద్దను మళ్ళీ అండాలో వేసింది. గిన్నె తోముకుంది, పొయ్యి చుట్టూ ఊడ్చింది, ఎవరి వైపూ చూడకుండా గేటు దాటి వెళ్ళిపోయింది. అందరూ చూశారు.

ఆ సాయంత్రమే ఓబులేసు కూర్చుని రాశాడు. ఒక అన్నదాన సత్రంలో ఆహార పదార్థాలు నిబంధనలకు విరుద్ధంగా బయటికి తరలిపోతుండగా గుర్తించి, బాధ్యులను నిలువరించి, పునరావృతం కాకుండా చర్య తీసుకున్నానని రాశాడు. అక్షరం అబద్ధం లేదు. చదువుకుంటే ఎవరో పెద్ద ఆఫీసరు రాసినట్టుంది. చదువు అబ్బింది, అంతే.

పునరావృతం కాలేదన్నది కూడా నిజమే. మర్నాడు లచ్చుమమ్మ పనికే రాలేదు.

స్వామి ఏమీ అడగలేదు. తానే పంచె ఎగ్గట్టి పొయ్యి ముందు నిలబడి సంగటి కెలికాడు. అలవాటు తప్పిన చెయ్యి, ఉండలు కట్టింది. వచ్చినవాళ్ళు అదే తిన్నారు. వంట మొదలుపెట్టే ముందు మాత్రం ఓబులేసును పిలిచి ఒక మాట చెప్పాడు.

"గేటు కాడ నువ్వుండు నాయనా. నేను రాసిన్యా గానీ, సూసుకునేటోడు లేకపాయ ఇన్నాళ్ళూ."

ఓబులేసు పొంగిపోయాడు. తాను చేసింది గురువుకు నచ్చిందనుకున్నాడు. చొక్కా ఇస్త్రీ కూడా చేసుకున్నాడు గేటు దగ్గర నిలబడటానికి, వెర్రిబాగులోడు.

పంక్తి లేచింది. జనం వెళ్ళిపోయారు. స్వామి ఇంకా తినలేదు. తన వంతు ముద్దను ఒక గిన్నెలో పెట్టి, మీద ఊరిబిండి వేసి, మూత కూడా పెట్టకుండా ఎదురుగా పట్టుకుని గేటు వైపు నడిచి వచ్చాడు. ఎక్కడికి పోతున్నాడో ఓబులేసుకు తెలుసు. లచ్చుమమ్మ ఇల్లు అదిగో, కాలవ దాటితే కనిపిస్తుంది.

వాడు చప్పున పక్కకు జరిగాడు. గేటు రెక్క బార్లా తెరిచి చేతులు కట్టుకున్నాడు.

స్వామి మాత్రం దాటలేదు. గిన్నె పట్టుకుని అక్కడే నిలబడ్డాడు. ఓబులేసు మొహంలోకి చూస్తూ నిలబడ్డాడు. సంగటి మీంచి ఆవిరి పోతోంది. ఏదో తక్కువైందని ఓబులేసుకు తోచింది. ఏమిటబ్బా అని చూస్తే స్వామి కాళ్ళకు చెప్పులు లేవు. ఎండ మండుతోంది. పరుగున పోయి చెప్పులు తెచ్చి, వంగి, ఆయన పాదాల ముందు సరిగ్గా పెట్టాడు.

స్వామి ఆ చెప్పుల్ని చూశాడు. వాడి తల నిమిరి, చెప్పులు అక్కడే వదిలి, వట్టి కాళ్ళతో తారు రోడ్డు మీద నడిచి వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత రోజూ అదే వరస. రోజూ స్వామి గేటు దగ్గర కాసేపు ఆగేవాడు. రోజూ ఓబులేసు చేతులు కట్టుకునేవాడు. మనసులో ఏదో ముల్లు గుచ్చుకుంటూనే ఉంది గానీ, దాన్ని బయటికి లాగి చూసే ధైర్యం వాడికి లేకపోయింది. ఇంతలో ఇంటర్వ్యూకు పిలుపొచ్చింది. దీవించమని అడిగితే స్వామి దీవించాడు. ఉన్నది ఉన్నట్టు చెప్పమన్నాడు.

ఇంటర్వ్యూలో ముగ్గురు కూర్చున్నారు. సత్రం సంగతి చదివి మెచ్చుకున్నారు. ఇంత చిన్న వయసులో మొహమాటం లేకుండా రూలు అమలు చేయడం గొప్ప విషయమన్నారు. మధ్యలో కూర్చున్న నెరిసిన జుట్టు ఆయన సరదాకే అడిగినట్టు అడిగాడు.

"సరే, ఆ రూలు పెట్టిన పెద్దాయనే తీసుకుని బయటికి వస్తే ఏం చేసేవాడివి?"

అబద్ధం ఓబులేసుకు చేతకాదని ముందే చెప్పాను కదా.

"వచ్చారు సార్."

"వస్తే?"

"గేటు తీశాను. చెప్పులు తెచ్చి పెట్టాను."

అంతా అయిపోయిందనుకున్నాడు ఓబులేసు, కుర్చీలోంచి లేవబోయాడు కూడా. ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. వాళ్ళ మొహాల్లో చిరాకు లేదు. చాలాసేపు వెతికిన వస్తువు దొరికినట్టు, హాయిగా ఉన్నారు. నెరిసిన జుట్టు ఆయన పెన్ను మూత బిగించాడు.

"ఎప్పుడు చేరతావు బాబూ?" అన్నాడు.

తల్లికి ఫోన్లో చెబితే ఏడ్చింది. ఆమెను ఏడవనిచ్చి ఫోను పెట్టేశాడు. సంతోషించాల్సింది తానే గదా అనుకున్నాడు. బస్సులో దారి పొడుగునా ఆ ముగ్గురి మొహాలే కళ్ళ ముందు ఆడాయి.

ఆశ్రమానికి వచ్చేసరికి స్వామి పొయ్యి ముందు ఉన్నాడు. పొగకు కళ్ళు ఎర్రబడి ఉన్నాయి. ఓబులేసు నిలబడే అంతా చెప్పాడు, ఉన్నది ఉన్నట్టే. స్వామి కెలకడం ఆపకుండా విన్నాడు.

"ఏ మాటకు తీసుకున్న్యారు నాయనా నిన్ను?"

మీకు గేటు తీసినందుకు, అనబోయి ఆగాడు. గేటు దగ్గర గురువు రోజూ ఎందుకు ఆగాడో, లచ్చుమమ్మను ఆపిన ఏ మాట కోసం ఎదురుచూశాడో అప్పుడు తెలిసింది వాడికి. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఏం చెయ్యాలో తోచక, గురువు పాదాలు పట్టుకోబోయాడు.

స్వామి వెనక్కి జరిగాడు.

"వంగబాక నాయనా," అన్నాడు. "ఆడికి పోయినాంక వంగేది ఉండనే ఉంటాది."