క్యారేజీ నిండా మంచు

నిడదవోలులో తెలివితేటలు ఎవరింట్లో ఉన్నాయని అడిగితే, రైలు గేటు పక్కన ఫిలేమోను గారింట్లో గంపలకొద్దీ మూలుగుతున్నాయని చెబుతారు. చెప్పేది ఆ ఇంటివాళ్ళే లెండి, ఊళ్ళో ఇంకెవరూ ఆ మాట అనరు. ఆ ఇంట్లో ఉండేది ముగ్గురు. ఫిలేమోను, ఆయన భార్య దోర్కమ్మ, ఆయన తమ్ముడు తీతు. "మన తెలివి అందరిలా అరగదీసుకోలేదు కాబట్టే ఇంకా కొత్తగా ఉంది" అంటాడు ఫిలేమోను. నిజమే, ఒక్కరోజూ వాడిన పాపాన పోలేదు.

దోర్కమ్మకి ఒకే ఒక్క కోరిక ఉండేది. ఏటా క్రిస్మస్‌కి చర్చిలో పశువుల పాక కట్టేది ఆవిడే. పాక కప్పు మీద మంచు బదులు దూది అంటించేదీ ఆవిడే. పోయినేడు సండేస్కూలు పిల్ల ఒకత్తి ఆ దూది పీకి చూసి, "ఇది మంచు కాదు, దిండులోది" అని చర్చంతా వినపడేలా అనేసింది. దోర్కమ్మకి తల కొట్టేసినట్టయింది. తడిమి చూసుకుంటే తల ఉంది గానీ మనసు మాత్రం చివుక్కుమంది. వచ్చే ఏడు పాక మీద అసలు మంచే వేస్తానని అక్కడికక్కడే పిల్లలందరికీ మాటిచ్చేసింది.

ఆవిడ తమ్ముడు ఆశీర్వాదం నార్వే దేశంలో, ఓస్లో అనే ఊళ్ళో హోటల్లో వంట చేస్తాడు. అక్క బాధ విని ఒక ఆదివారం ఫోన్ చేశాడు. స్పీకరు పెట్టుకుని ముగ్గురూ చుట్టూ చేరారు.

"అక్కా, ఈ పండక్కి రెక్కలు కట్టుకుని వాలిపోండి. టికెట్లు నేను పంపుతాను. ఓస్లో నుంచి బెర్గెన్‌కి రైలుంది, దారంతా మంచే. ఓపికుంటే స్టావంగర్, ట్రాన్‌హైమ్ కూడా చూడొచ్చు. హాయిగా ఊళ్ళన్నీ చుట్టి రండి. కాకపోతే ఇక్కడి చలి ఎముకలు కొరికేస్తుంది. బట్టలు ఉల్లిపొరల్లా ఒకదాని మీద ఒకటి వేసుకోవాలి. బావా, వింటున్నావా?"

"ప్రతి ముక్కా చెవిలో వేసుకుంటున్నాను బామ్మర్దీ" అన్నాడు ఫిలేమోను, వేసుకున్నవి కారిపోకుండా చెవిని అరచేత్తో మూసుకుని.

అంతే, ఇల్లంతా ప్రయాణం పనుల్లో మునిగిపోయింది. మొదట రెక్కలు. చర్చిలో నాటకానికి వాడే దేవదూతల రెక్కలు, అట్టముక్కలకి తళుకు కాగితం అంటించినవి, దోర్కమ్మ అడిగి తెచ్చింది. అవి రెండు జతలే ఉన్నాయి. తీతుకి లేకుండా పోయాయి. ఇంకేముంది, రెండు తాటాకు విసనకర్రలు తెచ్చి వాడి భుజాలకి బిగించారు.

తర్వాత ఊళ్ళు చుట్టే సంగతి వచ్చింది. తీతు సంతకి పోయి మోయలేనంత కొబ్బరి తాడు తెచ్చాడు. "అన్నయ్యా, ముందు ఓస్లో చుడదాం, తర్వాత బెర్గెన్. మిగతా రెండూ తాడు మిగిలితేనే" అన్నాడు. అలా ఏ ఊళ్ళు చూడాలో ఏవి మానాలో తాడే తేల్చింది. చూసే చోట్లు తాడుని బట్టి ఖాయం చేసుకున్న యాత్రికులు లోకంలో వీళ్ళే అయ్యుంటారు.

ఉల్లిపొరల కోసం దోర్కమ్మ బట్టల కొట్టుకెళ్ళింది.

"చలి దేశం వెళ్తున్నామయ్యా. నీ కొట్లో అన్నిటికంటే పల్చటి ఉల్లిపొర చీరలు తియ్యి."

"చలి దేశానికి పల్చటివా అమ్మగారూ?"

"వ్యాపారం చేసుకునేవాడివి, నీకేం తెలుసు నాయనా" అని జాలిపడి, ఊదితే ఎగిరిపోయే చీరలు ఓ మోపు కొనుక్కొచ్చింది.

తీతు మాత్రం ఆస్పత్రికెళ్ళాడు. "ఇంజక్షన్ చెయ్యండి డాక్టరుగారూ, కరుస్తుంది" అన్నాడు. "ఏది కరిచింది? కుక్కా?" అన్నాడాయన. "ఇంకా కరవలేదండీ, చలి. పండక్కి కరుస్తుంది. ఎముకల దాకా కొరుకుద్దంట, ముందే పొడిపించుకుందామని." డాక్టరు వాడి నాడి చూసి, నాలుక చూసి, విసనకర్రలు చూసి, ఏమీ రాయకుండా పంపేశాడు.

విమానం లేచేటప్పుడు ముగ్గురూ భుజాలు తెగ ఆడించారు. "మనం సాయం పట్టకపోతే ఇంత బరువు లేచేదా?" అని ఫిలేమోను దారిపొడవునా మెచ్చుకుంటూనే ఉన్నాడు.

ఓస్లోలో దిగేసరికి ఉల్లిపొరలు, తళుకు రెక్కలు, పళ్ళు టకటకలు. ఆశీర్వాదానికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ముగ్గురికీ మందపాటి కోట్లు తొడిగి ఇంటికి తీసుకెళ్ళి, వేడి టీ పోసి, మెల్లగా చెప్పాడు.

"నాకు హోటల్లో డ్యూటీ ఉందక్కా, మీతో రాలేను. స్టేషను అదిగో, ఎదురుగానే. తెల్లారగానే వెళ్ళి బెర్గెన్ బండి పట్టుకోండి. అది తప్పితే పండగ వెళ్ళేదాకా ఏ బండిలోనూ చోటు లేదు. దారిలో ఫిన్సే అని కొండ మీద స్టేషనొస్తుంది. అక్కడ బండి కాసేపు ఆగుతుంది. కాలు కింద పెట్టి, చేత్తో మంచు తాకి, చటుక్కున ఎక్కెయ్యి. బండి తప్పిపోకుండా చూసుకోండి. మిగతా దారంతా కిటికీలోంచి కళ్ళప్పగించి చూడ్డమే."

చెప్పి డ్యూటీకి వెళ్ళిపోయాడు. ఆ దేశంలో చలికాలం టీ వేళకే చీకటి పడిపోతుంది. గ్లాసులు కడుగుతున్న దోర్కమ్మ కిటికీలోంచి చూసింది కదా, మంచు! మేడలు, చెట్లు, రోడ్డు, ఆగిన కార్లు, దీపాల వెలుగులో సమస్తం తెల్లగా మెరిసిపోతోంది.

"ఏవండోయ్! తెల్లారిపోయింది!"

ఫిలేమోను వచ్చి చూశాడు. "అవునే, శుభ్రంగా తెల్లారింది. లేవండి, బండి పోతుంది."

"ఇప్పుడే కదా వదినా టీ తాగాం" అన్నాడు తీతు.

"మరి టీ తెల్లారే కదరా తాగుతారు" అంది దోర్కమ్మ. ఆ దెబ్బకి తీతు బూట్లు తొడుక్కున్నాడు.

ముగ్గురూ సామానెత్తుకుని స్టేషనుకి పరిగెత్తారు. చుట్టూ మంచే, బూటు మునిగేంత మంచు. దోర్కమ్మ మాత్రం రెండు చేతులూ చంకల్లో దాచుకుని నడిచింది. తమ్ముడు ఫిన్సేలో తాకమన్నాడు గానీ ఇక్కడ తాకమనలేదు. వేళ్ళు లాగేస్తున్నా మాట మాటే కదా.

స్టేషన్లో టికెట్లు అమ్మే అమ్మాయి నెమ్మదిగా చెప్పింది, మీ బండి తెల్లారాక అని. "అమ్మాయ్, ఓసారి బయటికి చూడు. మాకు తెల్లారింది, మీ ఆఫీసుకింకా తెల్లారలేదా?" అన్నాడు ఫిలేమోను, వచ్చీరాని ఇంగ్లీషులో. ఆవిడ బయటికి చూసింది, వీళ్ళని చూసింది, టికెట్ల మీదున్న నంబరు చూసి ఆశీర్వాదానికి ఫోన్ చేసింది. అతను వంట గుడ్డ నడుముకుండగానే పరిగెత్తుకొచ్చి ముగ్గురినీ ఇంటికి తోలుకుపోయాడు. "తెల్లారాక అంటే తెల్లారాకే అక్కా" అని దణ్ణం పెట్టాడు.

మర్నాడు వీళ్ళు లేచేసరికి అతను డ్యూటీకి వెళ్ళిపోయాడు. దోర్కమ్మ కిటికీ తెరిచింది. మంచు ఊడ్చే బండి వచ్చి పోయినట్టుంది, రోడ్డు నల్లగా నిగనిగలాడుతోంది.

"ఇంకా తెల్లారలేదండీ."

"అయితే కూర్చుందాం. నిన్నటిలా తొందరపడితే నవ్వుతారు."

కూర్చున్నారు. ఎదురుగా స్టేషనులోకి జనం పోతూనే ఉన్నారు. దోర్కమ్మకి ఒకటే బెంగ. ఈ బండి తప్పితే మంచు లేదు, మంచు లేకపోతే ఆ పిల్లల ముందు మళ్ళీ దిండు దూదే. కిటికీ దగ్గరికి పోయి చూడటం, ఉసూరుమంటూ వచ్చి కూర్చోవడం. కళ్ళమ్మట నీళ్ళు కూడా వచ్చేశాయి పాపం.

అంతలో వంటింట్లో ధబ్బుమంది. ఆకలేసి డబ్బాలు వెతుకుతున్న తీతు మైదా మూట నెత్తిన గుమ్మరించుకున్నాడు. నేల, గోడలు, పొయ్యి, తీతు, అంతా తెలుపే.

"తెల్లారింది!" అని కేకేసింది దోర్కమ్మ. ఇంకేముంది, ఒకటే పరుగు. బండి తలుపు మూసుకోబోతుంటే తీతు ఊచని కావలించుకుని, "పట్టుకున్నాను వదినా! మీరు ఎక్కండి!" అని అరిచాడు. ముగ్గురూ ఎక్కారు. వాళ్ళు కూర్చున్న చోటల్లా కూడా తెల్లారింది.

టికెట్లు చూసే అమ్మాయి రాగానే ఫిలేమోను కళ్ళజోడు తీసి ఆమె చేతిలో పెట్టాడు. "మా బామ్మర్ది కళ్ళు అప్పగించి చూడమన్నాడు." ఆ అమ్మాయి అద్దాలు శుభ్రంగా తుడిచి తిరిగిచ్చేసింది. "ఎంత మర్యాదస్తులో! అప్పగించినా ఉంచుకోరు" అని ఆయన మురిసిపోయాడు.

బండి కొండెక్కింది, ఫిన్సే వచ్చింది. తలుపు తెరుచుకోగానే తెల్లదనం కళ్ళలోకి కొట్టింది. తమ్ముడు కాలు కింద పెట్టమన్నాడు, కాళ్ళు అనలేదు. అందుకని దోర్కమ్మ ఒక కాలు బండిలోనే ఉంచి, ఒక కాలే కింద పెట్టి, మంచు పట్టుకెళ్ళడానికి ఇంటి నుంచి తెచ్చిన స్టీలు టిఫిను క్యారేజీ చేత్తో పట్టుకుని వంగింది. అందలేదు. ఇంకాస్త వంగింది. అప్పుడు తాకింది మంచు.

"ఏవండీ, ఇది దూది కాదండీ" అంది. బుగ్గకి రాసుకుంది. చల్లగా, మెత్తగా, అరచేతిలో ఉప్పు రవ్వలా మెరుస్తోంది. ఇన్నేళ్ళూ దిండ్లు చింపిన చేతులవి. ఎంత ఆనందపడిందో చెప్పలేం.

ఆవిడ అలా ఒంటికాలి మీద గుప్పెడేసి గుప్పెడేసి నింపుతుంటే, ఈలోపు తీతు తన పని తను చేసుకుపోయాడు. బండి తప్పిపోకూడదు కదా, అందుకని కొబ్బరి తాడు తలుపు ఊచకీ స్టేషను స్తంభానికీ కలిపి కట్టేశాడు. గేదె కూడా విప్పుకోలేని ముడి వేశాడు. ఈల వేశారు, బండి కదలాలి, టికెట్ల అమ్మాయి తాడు చూసి గుండె పట్టుకుంది. ఆమె లాగింది, డ్రైవరు వచ్చి లాగాడు, చివరికి కత్తి తెచ్చి కోశారు. తాడు లాగేసుకున్నారు. కానీ ఆ ఆలస్యంలో దోర్కమ్మ క్యారేజీ నాలుగు గిన్నెలూ తలకొట్టుగా నిండిపోయాయి.

ఆనందం పట్టలేక తమ్ముడికి ఫోన్ చేసింది. అతను పకపకా నవ్వి, "సరేలే అక్కా, కరిగిపోకుండా చూసుకో" అన్నాడు.

అంతే, మూతలు తీసి, బాగా కనపడాలని కిటికీ కింద వెచ్చటి గొట్టం మీద గిన్నెలు వరసగా పెట్టి, ముగ్గురూ రెప్ప వెయ్యకుండా చూడటం మొదలెట్టారు. ఎంత చూస్తే అంత కరిగింది. బయట కొండలు, సొరంగాలు, గడ్డకట్టిన చెరువులు అన్నీ పోతున్నాయి, ఎవరు చూస్తారు?

"మూడు జతల కళ్ళతో చూసినా కరిగిందంటే ఇది మాట వినని మంచు" అన్నాడు ఫిలేమోను.

"కరగలేదు వదినా, తడిసింది. ఇంటికి పోయి ఎండబెడితే సరి" అన్నాడు తీతు. అప్పుడు దోర్కమ్మ ప్రాణం కుదుటపడింది.

బెర్గెన్‌లో వాన. తాడు లేదు, ఊరెలా చుట్టడం అని దిగులుపడుతుంటే ఒక చోట అల్లం బిస్కెట్లతో కట్టిన బుల్లి ఊరు కనపడింది. ఇళ్ళు, చర్చి, రైలు, అన్నీ బిస్కెట్లే. "దేవుడున్నాడు, ఊరు చిన్నదే" అని ఉల్లిపొర చీరతో దాని చుట్టూ చుట్టేశారు. అది పండగ అలంకారమనుకుని జనం చప్పట్లు కొట్టారు. ఆ గర్వంతోనే నిడదవోలు చేరారు.

చేరగానే తడిసిన మంచుని పళ్ళేల్లో పోసి మేడ మీద ఎండబెట్టి, కాకులు ఎత్తుకుపోకుండా దోర్కమ్మ కర్రుచ్చుకు కూర్చుంది. సాయంత్రానికి పళ్ళేలు బాగా ఆరాయి. మంచు మాత్రం లేదు. కాకి పని అన్నాడు తీతు. తెల్లారితే కొత్త సంవత్సరం, చర్చిలో పాక తీసేసేది ఆ రోజే. దోర్కమ్మ బావురుమంటూ తమ్ముడికి చెప్పింది.

అతను నెత్తి కొట్టుకున్నాడు. "మంచుని ఎండలో పెట్టారా? ఇక మీకు తెలివొచ్చినట్టే అక్కా, తెల్లారినట్టే!"

దోర్కమ్మ కళ్ళు తుడుచుకుంది. "విన్నారా? తెల్లారుతుందంట! మనూళ్ళోనే!"

పొద్దున్నే ముగ్గురూ క్యారేజీతో మేడెక్కారు. కాలవల మీంచి లేచిన పొగమంచు నిడదవోలుని కప్పేసింది. రైలు గేటు లేదు, స్టేషను లేదు, పక్కిల్లు లేదు, లోకమంతా తెలుపే. దోర్కమ్మ నాలుగు గిన్నెలూ గాల్లో ముంచి ముంచి నింపి, మూతలు ఠపీమని బిగించింది. "ఈసారి తీసి చూసేది లేదు" అంది.

తను ఊళ్ళో లేనప్పుడు చర్చిలో పాక మీద ఎవరో అంటించిన దూదంతా పీకి పారేసింది. పిల్లలు మూగారు, పోయినేడు దూది పీకిన పిల్ల అందరికంటే ముందు నిలబడింది. దోర్కమ్మ మూత తీసి, గిన్నె పాక మీద మెల్లగా బోర్లించింది. పిల్ల తొంగి చూసి, "ఇందులో ఏం లేదుగా ఆంటీ!" అంది.

"అదే మరి! నార్వే మంచు కనపడింది, అందుకే కరిగింది. ఇది నిడదవోలు మంచు తల్లీ, గట్టిది."

తర్వాత ముగ్గురూ కరిగిపోకుండా చూసుకోవాలని పాక ముందు చతికిలబడి, రెప్ప వెయ్యకుండా ఆ బోడి కప్పుని చూస్తూ కూర్చున్నారు. పాట అయింది, ప్రసంగం అయింది, జనం ఇళ్ళకి పోయారు. వీళ్ళు కదల్లేదు. సాయంత్రం చర్చి తలుపులు వేస్తుంటే దోర్కమ్మ లేచి, కప్పు తడిమి చూసి, మొగుడి వైపు తిరిగి మొహమంతా నవ్వింది.

"చూశారా, ఒక్క చుక్క కూడా కరగలేదు!"